బుడగలుంటే పది సెంట్లు, లేకపోతే సున్నా

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో కిరాణా స్టోర్లలో ఖాళీ సీసాలు తీసుకునే మెషీన్లు ఉంటాయి. కోక్ క్యాన్ వేస్తే, కొన్నప్పుడు డిపాజిట్‌గా కట్టిన పది సెంట్లు తిరిగొస్తాయి. గ్యాస్ నింపిన నీళ్ల సీసాకీ పది సెంట్లే. మామూలు నీళ్ల సీసా పెడితే మాత్రం మెషీన్ తీసుకోదు. ప్లాస్టిక్ అదే, తేడా బుడగల్లో! మామూలు నీళ్ల సీసాలనూ ఈ డిపాజిట్‌లో కలపాలంటాను.

1976లో జనం ఓటేసి ఈ డిపాజిట్ చట్టం తెచ్చుకున్నప్పుడు రోడ్ల పక్కన కనిపించినవి బీరు, సోడా సీసాలే. నీళ్లు కొనుక్కుని తాగడం ఇంత మామూలైపోతుందని అప్పుడెవరు అనుకుంటారు? డిపాజిట్ మనకీ కొత్త కాదు. కొట్లో కూల్‌డ్రింక్ ఇంటికి తెచ్చుకుంటే సీసాకి డబ్బు పట్టుకుని, ఖాళీది ఇచ్చాక తిరిగిచ్చేవారు. అందులో ఏముందని ఎవరూ అడగలేదు, సీసా వస్తే చాలు.

ఒరెగన్, కనెక్టికట్, న్యూయార్క్ రాష్ట్రాలు 2009లోనే నీళ్ల సీసాలనూ కలిపాయి. న్యూయార్క్‌లో కంపెనీలు కోర్టుకెక్కడంతో జూన్‌లో మొదలవ్వాల్సింది అక్టోబర్ 31 దాకా సాగింది, అంతే. ఇంటి ముందు రీసైక్లింగ్ డబ్బా ఉంది కదా అనేవాళ్లున్నారు. కానీ నీళ్ల సీసా ఖాళీ అయ్యేది ఎక్కువగా కారులోనో, గ్రౌండ్‌లోనో.

తేలిగ్గా కొట్టిపారేయలేని అభ్యంతరం మిషిగన్‌లోని ఫ్లింట్ నగరానిది. 2014లో నీటి వనరు మార్చాక అక్కడి కుళాయిల్లో సీసం (లెడ్) వచ్చింది. ప్రభుత్వం 2018 దాకా సీసా నీళ్లు పంచింది. కుళాయిని నమ్మలేని ఇంట్లో నీళ్లు కొనడం సరదా కాదు. 24 సీసాల కేసుకి 2 డాలర్ల 40 సెంట్లు అదనంగా కట్టాలి. తిరిగొచ్చే డబ్బే అయినా, నెలాఖరులో అది బరువే. న్యూయార్క్‌లోలా గ్యాలన్, ఆపై డబ్బాలను వదిలేయాలి. అత్యవసరంగా పంచే నీళ్లకూ మినహాయింపు ఉండాలి.

ఇక కొట్టువాళ్ల గోల. జిగురు, వాసన, చోటు లేకపోవడం, అన్నీ నిజమే. న్యూయార్క్‌లో సీసా వెనక్కి తీసుకున్న కొట్టుకి డిస్ట్రిబ్యూటర్ 3.5 సెంట్లు ఇస్తాడు. మిషిగన్‌లో అలా కాదు, ఎవరూ అడగని డిపాజిట్ సొమ్ములో 25 శాతం కొట్లకు పోతుంది. అంటే సీసాలు రాకపోతేనే వాళ్లకి లాభం! కరోనా తర్వాత తిరిగొచ్చే సీసాలు 80 శాతం కంటే తక్కువకు పడిపోయాయి. ఈ లెక్క మార్చకుండా నీళ్ల సీసాలు కలిపితే గొడవే.

జనం ఓటుతో వచ్చిన చట్టం కాబట్టి మార్చాలంటే ఉభయ సభల్లో నాలుగింట మూడొంతుల మద్దతు కావాలి. అది దొరకదు. మళ్లీ జనం దగ్గరికే వెళ్లాలి. అదీ నల్లేరు మీద నడక కాదు: మసాచుసెట్స్‌లో 2014లో ఇదే ప్రశ్న పెడితే 73 శాతం మంది వద్దన్నారు.