ముంబై అద్దె చట్టం గారికి, పదకొండు నెలల కిరాయిదారు రాయునది

మహారాజశ్రీ ముంబై అద్దె నియంత్రణ చట్టం గారికి నమస్కారాలు.

తమరు కులాసాయే అనుకుంటాను. 1947లో తాత్కాలికం అంటూ వచ్చి, గడువు పొడిగించుకుంటూ పొడిగించుకుంటూ అర్ధశతాబ్దం కదలకుండా కూర్చుని, 1999లో పేరు మార్చుకుని మళ్లీ అదే కుర్చీలో కూర్చున్నారు. నాకు మాత్రం పదకొండు నెలలు. రెన్యువల్‌కి నాదీ పూచీ అని చేతిలో చెయ్యేసి చెప్పిన ఓనరే మొన్న ఫోన్ చేసి ఖాళీ చెయ్యమన్నాడు.

దాంతో నిన్న మధ్యాహ్నమంతా గిర్గావ్‌లో తగలేశాను. బ్రోకర్ తీసుకెళ్లిన చాల్, అదే, వరసగా ఒంటిగదులుండే పాత బిల్డింగ్, దాని వరండా పడిపోకుండా కింద దుంగలు పెట్టారు. మెట్ల దగ్గర, వానలకి ముందే ఖాళీ చెయ్యమని నోటీసు, దాని మీద ఎవరో ట్యూషన్ల కాగితం అంటించారు. మూడో అంతస్తు ఎక్కించి, నాకు ఆయాసం తగ్గాక, తాళం వేసున్న గది చూపించి చల్లగా చెప్పాడు: "అద్దెకి కాదు సార్, పగిడీ." ఇల్లు అమ్మరట, అందులో అద్దెకుండే హక్కు అమ్ముతారట! నేను లక్షలు పొయ్యాలి, అందులో మూడో వంతు ఓనర్‌కి ఇవ్వడం వాడుకట, ఆ తర్వాత నెలకి రెండొందలు అద్దె. అమ్మేది అద్దెకున్నాయనే, ఆయన ఎప్పుడో బోరివలీలో సొంత ఫ్లాట్ కొనుక్కుని వెళ్లిపోయాడు. ఈ పగిడీకి చట్టబద్ధంగా రాజముద్ర వేసిందీ తమరే కదా.

1940 సెప్టెంబర్ 1న ఎంత అద్దె ఉందో అదే న్యాయమైన అద్దె అన్నారు. యుద్ధకాలం, మిల్లుల కోసం జనం వచ్చి పడుతున్నారు, ఓనర్లు పిండేస్తున్నారు, అప్పటికి సరే. కానీ ఆ తేదీ దగ్గరే గడియారం ఆపేస్తే ఎలా? ఈ అద్దె ఇక సమంజసం కాదని 1997లో సుప్రీం కోర్టే చెప్పాక తమరు కరుణించింది ఏడాదికి 4 శాతం. రెండొందల మీద ఎనిమిది రూపాయలు. దాంతో ఏ ఓనర్ గోడలకి సిమెంటు పూస్తాడు? అసలు బిల్డింగ్ కూలితే స్థలం కలిసొస్తుందని చూసేవాళ్లకి తమరే దారి చూపించారు. 2017లో భెండీ బజార్‌లో హుస్సేనీ బిల్డింగ్ కూలి 33 మంది పోయారు.

ఇవన్నీ ఒక ఎత్తు, 1973 ఒక ఎత్తు. అద్దె చట్టం గొడవ లేకుండా లైసెన్సు కింద, అంటే అద్దెకి కాదు, ఉండడానికి అనుమతి మాత్రమే అని రాసుకుని, ఇళ్లిచ్చిన వాళ్లుంటే, ఫిబ్రవరి 1 నాటికి ఆ ఇళ్లలో ఉన్నవాళ్లంతా ఇక అద్దెదారులే, కదిలించడానికి వీల్లేదు అన్నారు. ఆ రోజు పట్టుకున్న జడుపు ఈ ఊరి ఓనర్లకి ఇంతవరకు దిగలేదు. చట్టం మారిందయ్యా, గడువైతే ఖాళీ చేయించే దారి ఇప్పుడుందయ్యా అన్నా వినరు, ఇంట్లో మనిషి పాతబడితే చాలు గుండె దడ. 2011 జనాభా లెక్కల్లో ముంబైలో ఖాళీ ఇళ్లు 4.8 లక్షలు. కొన్ని అమ్ముడుపోనివి, కొన్ని పెట్టుబడికి కొన్నవి అనుకున్నా, మా బాల్కనీలోంచి చూస్తే ఎదురు టవర్లో దీపం వెలగని కిటికీలే ఎక్కువ. ఒకటి అద్దెకిమ్మంటే "గొడవెందుకు సార్" అంటాడు సెక్రటరీ.

నిజం చెప్పాలంటే తమర్ని పూర్తిగా తిట్టడానికి నోరు రాదు. కామాఠీపుర వాడకి ఆ పేరు రావడానికి కారణమైన తెలుగు కూలీలు, పరేల్, వర్లీ మిల్లుల్లో మగ్గాల దగ్గర నిలబడ్డ మన పద్మశాలీలు, 1982 మిల్లుల సమ్మె తర్వాత జీతం పోయినా చాలామందికి నెత్తి మీద ఆ గది మిగిలిందంటే తమరి చలవే. ఉన్నవాణ్ణి కాపాడావు, ఒప్పుకుంటాను. మరి వాళ్ల తర్వాత రైలు దిగినవాడి సంగతేంటి? అప్పటికే లోపలున్నవాడికే నీ న్యాయమంతా, బయటున్నవాడికి బ్రోకరేజీ, డిపాజిట్, ఏడాది తిరక్కుండానే మూటాముల్లె. బోరివలీ ఆయన గది తాళం తుప్పు పడుతోంది, నేను అట్టపెట్టెల కోసం కిరాణా కొట్టువాణ్ణి బతిమాలుతున్నాను. ఇందులో నువ్వు నియంత్రించిందేంటో కాస్త చెప్పు!

ఇట్లు,
ఈ నెలాఖరు దాకా మాత్రమే అడ్రసున్న
ఒక కిరాయిదారు