“లోపల సెల్స్ అన్నీ ఒకటే” అనే మెసేజ్‌కు జవాబు

పెళ్లిళ్ల సీజన్ మొదలైందంటే ఫొటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. దాని సారాంశం ఇది: కెమెరా కంపెనీవాళ్ల ఒరిజినల్ బ్యాటరీ కొనడం డబ్బు దండగ. లోపల కరెంట్ దాచే సెల్స్ అన్నీ ఒకే ఫ్యాక్టరీవి, మనం డబ్బు కట్టేది పైనున్న స్టిక్కర్‌కి. బయటి కంపెనీల బ్యాటరీల్లో ఎమ్‌ఏహెచ్ (ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే అంకె) ఎక్కువ కాబట్టి ఎక్కువసేపు వస్తాయి. కెమెరా చూపించే హెచ్చరిక వట్టి బెదిరింపు, ఓకే నొక్కేయండి. ఒరిజినల్ బ్యాటరీలను కూడా కంపెనీలు వెనక్కి తీసుకున్నాయి, కాబట్టి తేడా ఏమీ లేదు. ఒకదాని ధరకు నాలుగు వస్తాయి, నాలుగు కొనుక్కోండి.

కొత్తగా ఫీల్డ్‌లోకి వచ్చిన కుర్రాళ్లు ఇది నమ్మి, ఈఎంఐలు కడుతున్న కెమెరాలో ఏది పడితే అది పెడుతున్నారు. నాకు బాధ కలిగేది అక్కడే. థర్డ్ పార్టీ (అంటే బయటి కంపెనీల) బ్యాటరీలు అసలు వాడొద్దని నేను అనను. నా బ్యాగులో కూడా ఉన్నాయి. కానీ ఈ మెసేజ్ చెప్పే కారణాలు నమ్మి కొంటే మాత్రం నష్టపోతారు.

ముందు సెల్స్ సంగతి. ఇందులో కొంత నిజం ఉంది. కెమెరా కంపెనీలు సాధారణంగా సెల్స్‌ను బయటి తయారీదారుల దగ్గర కొంటాయి. 1991లో లిథియం అయాన్ బ్యాటరీని మొట్టమొదట మార్కెట్లోకి తెచ్చిన సోనీ కూడా ఆ వ్యాపారాన్ని 2017లో మురాటా కంపెనీకి అమ్మేసింది. అంతమాత్రాన అందరికీ ఒకే సెల్ వస్తుందనుకోవడం తప్పు. ఒకే ఫ్యాక్టరీలో రకరకాల గ్రేడ్ల సెల్స్ తయారవుతాయి. మన కెమెరా ప్యాక్‌లో (బ్యాటరీ డబ్బాలో) సాధారణంగా సుమారు 3.6 వోల్ట్‌ల సెల్స్ రెండు సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి, రెండూ కలిసి సుమారు 7.2 వోల్ట్‌లు. ఈ రెండింటి కెపాసిటీ సరిసమానంగా ఉండాలి. ఒకే కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి బలహీనమైతే రెండోదాని బలం ఎందుకూ కొరగాదు కదా, ఇక్కడా అంతే. బలహీనమైన సెల్ ముందు ఖాళీ అవుతుంది, ఛార్జింగ్‌లో ముందు నిండిపోతుంది, ప్రతిసారీ ఇంకాస్త దెబ్బతింటుంది. సెల్స్‌ను ఏరి జత కలపడానికి, వాటిని కాపాడే ప్రొటెక్షన్ సర్క్యూట్‌కి, వేడిని కొలిచే సెన్సర్‌కి ఖర్చవుతుంది. చవక ప్యాక్ చవగ్గా రావడానికి కోత పడేది తరచూ వీటి మీదే. బయటి నుంచి చూస్తే ఇదేమీ కనపడదు.

ఇక ఎమ్‌ఏహెచ్. మెసేజ్ మొత్తంలో జనం ఎక్కువగా పడిపోయేది ఈ మాటకే. కెనాన్ ఎల్‌పీ-ఈ6 బ్యాటరీనే తీసుకోండి. 2008లో వచ్చినప్పుడు 1800 ఎమ్‌ఏహెచ్. 2014లో ఈ6ఎన్ 1865. 2020లో ఈ6ఎన్‌హెచ్ 2130. డబ్బా సైజు మారలేదు. పన్నెండేళ్లలో పెరిగింది 330 మాత్రమే. అదే డబ్బాలో, మూడో వంతు ధరకు, ఎవరో 2600 అనో 3000 అనో అచ్చువేసి అమ్ముతుంటే ఎలా నమ్మాలి? పైపెచ్చు కొన్నింటికి టైప్-సి పోర్టు కూడా పెడుతున్నారు. వాడకానికి సౌకర్యమే, కాదనను. కానీ ఆ పోర్టుకీ, దాని సర్క్యూట్‌కీ చోటు ఆ డబ్బాలోంచే రావాలి.

లేబుల్ నిజం చెబుతోందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న లెక్క ఉంది. వోల్టేజీని ఎమ్‌ఏహెచ్‌తో గుణించి వెయ్యితో భాగిస్తే లేబుల్ మీదున్న వాట్-అవర్ (బ్యాటరీలోని మొత్తం శక్తి) రావాలి. నికాన్ ఈఎన్-ఈఎల్15సి మీద 7.0 వోల్ట్‌లు, 2280 ఎమ్‌ఏహెచ్, 16 వాట్-అవర్ అని ఉంటుంది. లెక్క వేస్తే 15.96, సరిపోయింది. సోనీ ఎన్‌పీ-ఎఫ్‌జెడ్100 మీద 7.2 వోల్ట్‌లు, 2280, 16.4 వాట్-అవర్. ఇదీ సరిపోయింది. ఇప్పుడు మీ బ్యాగులో ఉన్న బయటి బ్యాటరీ తీసి ఇదే లెక్క వేయండి. ఎమ్‌ఏహెచ్ పెంచి రాసినవాడు వాట్-అవర్ మార్చడం మర్చిపోయిన లేబుళ్లు దొరుకుతాయి. లెక్క సరిపోయినంత మాత్రాన నిజమని కాదు, సరిపోకపోతే మాత్రం ఆ లేబుల్ అబద్ధమే. తర్వాత తూకం. ఈ సైజు ఒరిజినల్ బ్యాటరీ సుమారు 80 గ్రాములుంటుంది. ఎక్కువ కెపాసిటీ అని రాసినది చేతికి తేలిగ్గా తగిలితే అనుమానించాల్సిందే. చివరి పరీక్ష అన్నిటికంటే సులువు. ఒరిజినల్‌నీ దీన్నీ ఫుల్ ఛార్జ్ చేసి, ఒకే కెమెరాలో ఒకే సెట్టింగ్‌లో వీడియో నడిపి ఏది ఎంతసేపు వచ్చిందో చూడండి. ఒరిజినల్ బాగా పాతబడి ఉంటే ఈ పోలిక పనికిరాదు.

ఎమ్‌ఏహెచ్ సమానమైనా సరిపోదనడానికి కెనాన్‌లోనే రుజువుంది. 2024లో ఆర్5 మార్క్ 2తో పాటు వచ్చిన ఈ6పి కూడా 2130 ఎమ్‌ఏహెచ్చే, ఆకారం కూడా అదే. కానీ అది ఎక్కువ కరెంట్ ఇవ్వగలదు. ఆ కెమెరాలో పాత ఈ6ఎన్‌హెచ్ వేస్తే కొన్ని ఫీచర్లు పనిచేయవు. సొంత కంపెనీ బ్యాటరీకే అలా ఉంటే, బయటి ప్యాక్ మీద “అన్ని మోడళ్లకూ సరిపోతుంది” అని రాసినది ఎంతవరకు నమ్మొచ్చో ఆలోచించండి.

మూడోది హెచ్చరిక. కెనాన్ కెమెరాల్లో బ్యాటరీతో కమ్యూనికేషన్ సరిగా లేదనీ, దాని మీద కెనాన్ లోగో ఉందా అనీ ఒక మెసేజ్ వస్తుంది. ఇందులో కంపెనీల వ్యాపార ప్రయోజనం లేదని నేను అనడం లేదు. 2009లో పానసోనిక్ ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ద్వారా కొన్ని లూమిక్స్ కెమెరాల్లో బయటి బ్యాటరీలు పనిచేయకుండా చేసింది. వాడేవాళ్లకు కోపం రావడం న్యాయమే. అయినా ఆ హెచ్చరికకు అర్థం, బ్యాటరీలోని చిప్ చెప్పేది కెమెరాకు అర్థం కావడం లేదని. అప్పుడు మీకు కనిపించే ఛార్జ్ అంకెను నమ్మడానికి లేదు. ఒరిజినల్‌లో కెనాన్ అయితే బ్యాటరీ ఎంత అరిగిందో చెప్పే రీఛార్జ్ పర్ఫార్మెన్స్ గీతలు చూపిస్తుంది, నికాన్ అయితే బ్యాటరీ వయసు 0 నుంచి 4 వరకు చెబుతుంది. అనుకరణ చిప్ ఉన్న ప్యాక్‌లో సెల్ అసలు స్థితికీ స్క్రీన్ మీది అంకెకూ పొంతన ఉండకపోవచ్చు.

ఇది చిన్న విషయం కాదు. ముహూర్తం అర్ధరాత్రి రెండున్నరకు. పంతులుగారు జీలకర్ర బెల్లం పెట్టించబోతున్నారు. స్క్రీన్ మీద 40 శాతం ఉంది, మీరు ధైర్యంగా ఉన్నారు. తెర దించగానే కెమెరా ఆగిపోయింది. మళ్లీ పెట్టించండి అని అడగలేం. కార్డు మీద ఫైల్ రాస్తుండగా కరెంట్ పోతే ఆ ఫైల్ కూడా పాడవ్వొచ్చు. ఆ టెన్షన్ ఎలాంటిదో పడినవాళ్లకే తెలుసు.

కంపెనీలు బ్యాటరీలను వెనక్కి తీసుకున్న (రీకాల్స్) మాటకొస్తే, అవి జరిగిన మాట నిజం. 2012 ఏప్రిల్‌లో నికాన్ కొన్ని ఈఎన్-ఈఎల్15 బ్యాటరీలను వెనక్కి తీసుకుంది. లోపల షార్ట్ అయి వేడెక్కే ప్రమాదం ఉందని చెప్పి, లాట్ (తయారీ బ్యాచ్) నంబరులో 9వ అక్షరం ఈ గానీ ఎఫ్ గానీ ఉన్నవి మార్చి ఇచ్చింది. మెసేజ్ రాసినవాళ్లు దీన్ని ఒరిజినల్‌కి వ్యతిరేకంగా చూపిస్తున్నారు. నేను దీన్నే ఒరిజినల్ కొనడానికి కారణంగా చూస్తాను. ఏ లాట్‌లో తప్పు జరిగిందో వాళ్లకు తెలుసు, వాడేవాళ్లకు చెప్పారు, ఉచితంగా మార్చారు. పేరూ ఊరూ లేని ప్యాక్‌లో అదే తప్పు ఉంటే మనకు ఫోన్ చేసి చెప్పేవాళ్లెవరు?

ఆఖరుది, నాలుగు వస్తాయన్న మాట. ఒరిజినల్ ధర ఎక్కువే, ఒప్పుకుంటాను. నేనైతే ముఖ్యమైన ఘట్టాలకు ఒరిజినల్స్, హల్దీ, రిసెప్షన్ లాంటి చోట్ల విరామంలో మార్చుకోవడానికి మంచి థర్డ్ పార్టీవి పెట్టుకుంటాను. మంచిది అంటే ఏమిటో గుర్తుపట్టడానికి మన దేశంలో ఒక సాధనం ఉంది. ఇక్కడ అమ్మే లిథియం బ్యాటరీకి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. లేబుల్ మీద ఐఎస్ 16046 అనీ, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరూ ఉండాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే తయారీదారు పేరు వస్తుంది. రాకపోతే కొనకండి. వారంటీ మొత్తం పోతుందనే భయం కూడా అక్కర్లేదు. కెనాన్ మాన్యువల్‌లో ఉన్నది, బయటి బ్యాటరీ లోపం వల్ల వచ్చిన రిపేరుకు వారంటీ వర్తించదని. లెన్స్ మౌంట్‌లో వచ్చిన లోపానికి దానితో సంబంధం లేదు.

నిజంగా భయపడాల్సింది థర్డ్ పార్టీకి కాదు, కెమెరా కంపెనీ పేరు వేసుకున్న డూప్లికేట్‌కి. సొంత పేరు పెట్టుకునే ధైర్యం లేనివాడు తయారుచేసిన సరుకది. మెసేజ్‌లో దాని ఊసే లేదు. ఒరిజినల్ అని చెప్పి సగం ధరకు ఇస్తూ, జీఎస్టీ బిల్లు అడిగితే నసిగే చోట అసలు కొనకండి.

ఏది కొన్నా దాని మీద నెల, సంవత్సరం మార్కర్‌తో రాసుకోండి. మే నెల ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేయకండి. అప్పుడప్పుడు చదునైన బల్ల మీద వెల్లకిలా పెట్టి వేలితో తిప్పి చూడండి. గిర్రున తిరిగితే అది ఉబ్బడం మొదలైందని అర్థం. ఇంకా వాడితే ఏదో ఒక రోజు కెమెరాలో ఇరుక్కుంటుంది. గొళ్లెం తీసినా స్ప్రింగ్ దాన్ని బయటికి తోయలేదు, పట్టుకోవడానికి అంచు కూడా దొరకదు. అప్పుడు స్క్రూడ్రైవర్‌తో పొడవకండి, ప్యాక్‌కు చిల్లు పడితే మంటలు రావచ్చు. కెమెరా ఆపేసి సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి. తీసిన బ్యాటరీని చెత్తబుట్టలో వేయకుండా, టెర్మినల్స్ మీద టేపు అంటించి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి.