దాత పేరే పోటీ పేరైతే

2008 ఫిబ్రవరి 7న ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో ‘ఎమ్మార్ ఎంజీఎఫ్ ఇండియన్ మాస్టర్స్’ మొదలైంది. యూరోపియన్ టూర్ (వృత్తి గోల్ఫర్ల పోటీల పరంపర) గుర్తింపు ఉన్న పోటీ, బహుమతి సొమ్ము 25 లక్షల డాలర్లు. దక్షిణాఫ్రికా గోల్ఫ్ దిగ్గజం ఎర్నీ ఎల్స్ అంతటివాడు ఆడటానికి వచ్చాడు. నాలుగో రోజు సాయంత్రానికి విజేత తేలాడు. ఆ పోటీ మళ్లీ జరగలేదు. మొదటిదీ అదే, చివరిదీ అదే.

గోల్ఫ్ గొడవ నెల్లూరు, ఒంగోలు వాళ్లకెందుకు అని అడిగేవారుంటారు. నిజమే, మన వైపు గోల్ఫ్ కర్ర పట్టుకున్నవాళ్లు అరుదు. కానీ ఒక పోటీ ఎందుకు బతుకుతుంది, ఎందుకు చస్తుంది అన్న ప్రశ్నకు ఏ ఆటైనా ఒకటే. పైగా ఆ పోటీకి తన పేరు పెట్టుకున్న స్థిరాస్తి సంస్థ ఎమ్మార్ ఎంజీఎఫ్ పేరు తెలుగువాళ్లకు కొత్త కాదు, ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు గెలిచినవాడి గురించి చెప్పాలి. ఎస్ఎస్‌పీ చౌరాసియా తండ్రి రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో పచ్చిక సంరక్షణ చూసే ఉద్యోగి. కొడుకు ఆ క్లబ్ ఆవరణలోనే ఆట నేర్చుకున్నాడు. బంతిని మహా దూరం కొట్టగల బలశాలి కాడు, గుంత దగ్గరికి చేరాక మాత్రం తిరుగులేని చెయ్యి. ఢిల్లీ క్లబ్‌లోని లోదీ కోర్సు అనే మైదానం సరిగ్గా అలాంటివాడికే అచ్చొస్తుంది. పాత సమాధుల మధ్య, నెమళ్లు తిరిగే పొదల మధ్య సన్నటి పచ్చిక దారులవి. బంతి కొంచెం పక్కకు పోతే ముళ్లకంపలోకే, ఇక తిరిగి బయటికి కొట్టడం గగనం. అందుకే బలంగా బాదే పెద్ద పెద్ద ఆటగాళ్లు కూడా అక్కడ డ్రైవర్‌ను, అంటే బంతిని దూరం కొట్టే కర్రను, సంచిలోంచి తీయడానికి జంకుతారు. చౌరాసియా నాలుగు రౌండ్లను 279 దెబ్బల్లో ముగించాడు, పార్ (కోర్సుకు నిర్ణయించిన దెబ్బల లెక్క) కంటే తొమ్మిది తక్కువ. ఐర్లండ్‌కు చెందిన డేమియన్ మెక్‌గ్రేన్ రెండు దెబ్బల తేడాతో వెనకబడ్డాడు. అర్జున్ అత్వాల్, జీవ్ మిల్కా సింగ్ తర్వాత యూరోపియన్ టూర్‌లో గెలిచిన మూడో భారతీయుడు చౌరాసియా.

మైదానంలో ఇది నడుస్తుండగా మార్కెట్‌లో మరో కథ నడిచింది. ఎమ్మార్ ఎంజీఎఫ్ అప్పుడే షేర్లు అమ్మకానికి పెట్టింది. జనవరిలో మార్కెట్ కుప్పకూలిన వేడి ఇంకా చల్లారలేదు. కొనేవాళ్లు ముందుకు రాకపోతే ధర తగ్గించారు, గడువు పెంచారు, అయినా లాభం లేక ఫిబ్రవరి 8న ఇష్యూనే ఉపసంహరించుకున్నారు. అంటే పోటీ రెండో రోజున! ఆ ఏడాది చివరికి ప్రపంచమంతా మాంద్యం కమ్ముకుంది. రెండో ఏడాది పోటీకి స్పాన్సర్ చేతులెత్తేయడంతో అది రద్దయింది. నిరుటి విజేతగా టైటిల్ నిలబెట్టుకునే అవకాశమే చౌరాసియాకు రాలేదు.

హైదరాబాద్‌లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీతో కలిసి బౌల్డర్ హిల్స్ గోల్ఫ్ కోర్సు, విల్లాలు కట్టింది కూడా ఈ ఎమ్మార్ గ్రూపే. ఆ భూముల వ్యవహారంపై 2011లో సీబీఐ కేసు నమోదైంది. దాని తప్పొప్పులు తేల్చడం నా పని కాదు. నాకు కనిపించేది ఒక్కటే. ఆ రోజుల్లో స్థిరాస్తి సంస్థలకు గోల్ఫ్ అనేది ఆట కాదు, విల్లా ధర పెంచే పచ్చిక. పచ్చిక చూపించి ఇళ్లు అమ్మినవాళ్లు, ఇళ్లు అమ్ముడుపోని రోజున పోటీని మోస్తారనుకోవడం మన అమాయకత్వం.

గోల్ఫ్‌కు ఒక స్వాభావిక బలహీనత ఉంది. క్రికెట్‌లా టికెట్లతో, టీవీ హక్కులతో మన దేశంలో అది బతకలేదు. బహుమతి సొమ్ము, ఆటగాళ్లను రప్పించే ఖర్చు, ప్రసారం ఖర్చు, ఇవన్నీ దాదాపు ఒకే జేబులోంచి రావాలి. ఆ జేబు యజమాని తన పేరునే పోటీకి పెట్టమంటాడు. అక్కడే చిక్కు. పేరు అతనిది అయ్యాక పోటీ కూడా అతనిదే అవుతుంది.

మన దగ్గర తిరునాళ్లలో జరిగే ఎడ్ల బండలాగుడు పోటీలు చూడండి. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ విభాగాలు, ఒక్కో విభాగంలో ఒక్కో బహుమతికి ఒక్కో దాత. నిరుడు మొదటి బహుమతి ఇచ్చింది రొయ్యల చెరువుల ఆసామి అయితే ఈ ఏడు పొగాకు వ్యాపారి కావచ్చు. ఫ్లెక్సీ మీద దాత ఫొటో పెద్దదిగానే ఉంటుంది, జత బరిలోకి దిగేటప్పుడు మైకులో ఆయన పేరు పదిసార్లు మోగుతుంది. అయినా రేపు ఎవరిని అడిగినా ఫలానా ఊరి తిరునాళ్ల పోటీ అంటారు గానీ ఫలానా వారి పోటీ అనరు. రొయ్య ధర పడిపోయి ఒక దాత తప్పుకుంటే, కమిటీ వాళ్లు మరో గుమ్మం తొక్కుతారు. (మన వైపు పోటీ ఆగిపోయిందంటే డబ్బు కంటే ఊళ్లో రెండు వర్గాల పేచీయే కారణమని ముందు అనుమానించాలి.)

గోల్ఫ్‌లోనూ ఇలాంటిది లేకపోలేదు. ఇండియన్ ఓపెన్ 1964లో మొదలైంది. దాన్ని నిలబెట్టడానికి పూనుకున్న ఆస్ట్రేలియా దిగ్గజం పీటర్ థామ్సనే తొలి విజేత. మరుసటి ఏడాది పి.జి. సేఠి అనే అమెచ్యూర్ (వృత్తి ఆటగాడు కానివాడు) గెలిచాడు. అది గోల్ఫ్ సమాఖ్య పోటీ కాబట్టి ఒకప్పుడు విల్స్ పేరు తగిలింది, తర్వాత హీరో హోండా, ఆపైన హీరో. ముందున్న పేరు మారింది, వెనకున్న ‘ఇండియన్ ఓపెన్’ మారలేదు. కోవిడ్ వల్ల మూడేళ్లు ఆగినా 2023లో మళ్లీ లేచింది.

దీనికి ఎదురు వాదం లేకపోలేదు. జానీ వాకర్ క్లాసిక్ 1990లో మొదలై, ఒక మద్యం బ్రాండ్ పేరుతోనే దేశదేశాలు తిరుగుతూ 2009 దాకా నడిచింది. ఇండియన్ మాస్టర్స్ ముగిసిన కొద్ది వారాలకే గుర్‌గావ్‌లోనూ జరిగింది. అంటే గట్టి స్పాన్సర్ ఉంటే పేరు అరువుదైనా ఆయుష్షు ఉంటుందన్నమాట. కానీ అదీ ఆగాక దాని స్థానంలో ఏదీ మిగలలేదు. అవంతా అనే వ్యాపార సంస్థ పేరుతో సాగిన అవంతా మాస్టర్స్ 2010 నుంచి 2013 దాకా నాలుగేళ్లు జరిగి కనుమరుగైంది. చౌరాసియా యూరోపియన్ టూర్ టైటిళ్లు నాలుగూ మన గడ్డ మీదే గెలిచాడు. 2008లో ఇండియన్ మాస్టర్స్, 2011లో అవంతా, 2016, 2017లలో ఇండియన్ ఓపెన్. మొదటి రెండింటినీ తిరిగి గెలుద్దామన్నా అవిప్పుడు లేవు.

కార్పొరేట్ డబ్బు వద్దనడం తెలివితక్కువ మాట. గుర్తింపు ఇచ్చే టూర్లు, సమాఖ్యలు ఒక షరతు పెట్టవచ్చు: పోటీ పేరు మీద హక్కు సమాఖ్యదే, ముందు తగిలించే బ్రాండుకు మూడేళ్ల ఒప్పందం, వచ్చే ఏడాది బహుమతి సొమ్ము ఈ ఏడాదే డిపాజిట్. దీనికి ఒప్పుకోని సంస్థకు ప్రకటనలు ఇచ్చుకోవడానికి టీవీ ఉంది, హోర్డింగులు ఉన్నాయి. ఆటగాడి కెరీర్‌ను ప్రకటన బోర్డుగా వాడుకోనివ్వాల్సిన అవసరం లేదు.