ఓక్‌హాంప్టన్ పట్టాలను కాపాడింది కంకరే
ఇంగ్లండ్‌లోని డెవాన్‌లో, డార్ట్‌మూర్ అంచున ఉన్న ఓక్‌హాంప్టన్ స్టేషన్ 2021 నవంబరు 20న తిరిగి తెరుచుకుందని వింటే, అంతకుముందు యాభై ఏళ్లపాటు అక్కడికి రైలే రాలేదనిపిస్తుంది; అది పూర్తిగా సరికాదు. 1871లో మొదలైన ఆ స్టేషన్‌కు 1972లో రోజువారీ ప్రయాణికుల రైళ్లు ఆగిపోయిన మాట నిజమే గాని, పక్కనున్న మెల్డన్ క్వారీ నుంచి రైలుమార్గాలకు పరిచే కంకర గూడ్సు బండ్లలో వెళుతూ ఉండడం వల్లనే పట్టాలు పీకేయకుండా మిగిలాయి. 1997 నుంచి చాలా ఏళ్లు వేసవి ఆదివారాల్లో ప్రయాణికుల రైళ్లు కూడా నడిచాయి. ఇప్పుడు ఎక్సెటర్‌కు గంటకొక రైలుంది. ప్లిమత్ వైపు మార్గానికి మాత్రం అంత అదృష్టం లేక 1968లోనే మూతపడింది. అదే ఉండి ఉంటే, 2014 ఫిబ్రవరిలో తీరం వెంట వెళ్లే ప్రధాన రైలుమార్గం డాలిష్ వద్ద సముద్రపు గోడ కూలి తెగిపోయినప్పుడు, ప్లిమత్‌కు అవతలున్న కార్న్‌వాల్‌కు మరో దారి దొరికేది.