వేలిముద్ర పడని చేతులు

మా ప్లాంటు కొత్త యాజమాన్యం చేతిలోకి వెళ్లిన నెలలోనే గేటు దగ్గర వేలిముద్ర మిషన్ పెట్టారు.

అమెరికా రాకముందు నేను నెల్లూరు దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో లెక్కలు రాసేవాణ్ణి. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట వైపు చెరువుల నుంచి సరుకు వచ్చేది. 2009లో వనామి అనే విదేశీ రొయ్య రకాన్ని పెంచడానికి అనుమతి వచ్చాక పని బాగా పెరిగింది. తలలు తీసేది, పొట్టు వలిచేది, కౌంటు, అంటే కిలోకు ఎన్ని తూగుతాయో చూసి వేరు చేసేది అంతా చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లే.

రోజంతా ఐసు నీళ్లలో నానిన వేళ్లు ఎలా ఉంటాయో ఆ మిషన్ కొన్నవాళ్లకు తెలియదు. కొసలు తెల్లగా ముడతలు పడి, రొయ్య ముల్లు గుచ్చుకున్న గాట్లతో, అసలు గీతలే కనిపించవు. పొద్దున్నే ఆరింటికి గేటు దగ్గర వరస. వేలు పెడతారు, ఎర్ర లైటు. కొంగుతో తుడిచి మళ్లీ పెడతారు, మళ్లీ ఎర్ర లైటే. ముద్ర పడేసరికి అరగంట. ఆ అరగంటకు సగం పూట కూలి కోత. ఒక అక్క నా టేబుల్ దగ్గరికొచ్చి రెండు చేతులూ చాపింది. "మేం వచ్చుండామని నువ్వు చూస్తానే ఉండావు గదా అబ్బయ్యా. మిషన్ చెప్తేనే వచ్చినట్టా?" అంది. నేను సగం పూటే రాశాను. ఆమె అడిగిన మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఆడవాళ్లను పనికి పిలిచి, దగ్గరుండి చేయించే పాత మేస్త్రమ్మను తీసేశారు. జూన్‌లో పిల్లల బడి ఖర్చులకిచ్చే అడ్వాన్సు ఆపేశారు. ఇవేవీ ఎక్కడా కాగితం మీద లేవు, పాత యజమాని నోటిమాట మీద నడిచినవి. కొత్త మేనేజరు చెడ్డవాడు కాదు. దొంగ హాజరు ఆపాలనుకున్నాడు, అది న్యాయమే. కూలి రేటు ఒక్క రూపాయి తగ్గించలేదు గదా అనేవాడు. కానీ ఆ షెడ్డులో పని ఎలా నడుస్తుందో ఒక్కరినీ అడగలేదు.

2015 నవంబరులో నెల్లూరు వానల్లో మునిగింది. గట్లు తెగుతాయన్న భయంతో రైతులు తొందరపడి చెరువుల్లో రొయ్యలు పట్టేశారు. రాత్రికి రాత్రే మా గేటు ముందు లారీలు బారులు తీరాయి. అంతకుముందైతే మేస్త్రమ్మ కబురు పెడితే, వాననక చీకటనక బస్సు నిండా మనుషులు దిగేవాళ్లు. ఆ రాత్రి బస్సు దాదాపు ఖాళీగా తిరిగొచ్చింది. ఎవరూ సమ్మె చెయ్యలేదు, గొడవ పడలేదు. ఒంట్లో బాగాలేదన్నారు, అంతే. తెల్లారేసరికి ఐసు చాలని క్రేట్లలో రొయ్యల తలలు నల్లబడ్డాయి. ధర కోసేసరికి ఏ పాపమూ ఎరగని రైతు కూడా నష్టపోయాడు.

ఇదంతా ఇక్కడ ఎందుకు రాస్తున్నానంటే, 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రొయ్యల వ్యాపారమంతా కుదుపుకు లోనైంది. అలాంటి కష్టకాలంలో మొదట మార్చేది మేనేజర్లనే, మొదట కోసేది ఇలాంటి అడ్వాన్సులనే. సొంతూరి ప్లాంట్లలో, చెరువుల్లో డబ్బు పెట్టినవాళ్లు అమెరికాలో ఉన్న మనలోనూ ఉన్నారు. వచ్చే సంక్రాంతికి ఊరెళితే ఆఫీసు గదిలో కాఫీ తాగి వచ్చేయకండి. పొద్దున ఆరింటికి గేటు దగ్గర నిలబడండి. వలిచే బల్ల దగ్గర ఎవరి మాట చెల్లుతుందో కనుక్కోండి. కొత్త మేనేజరును వేస్తే, అతను ఏదైనా మార్చే ముందు ఆ మాట చెల్లే మనిషి పక్కన ఒక పూట కూర్చోబెట్టండి.