తాడు జారినప్పుడే ఈతన్ హంట్ మనవాడయ్యాడు

బ్రయాన్ డి పాల్మా 1996లో తీసిన మొదటి ‘మిషన్ ఇంపాజిబుల్’లో లాంగ్లీ సీన్ ఎన్నిసార్లు చూసినా నాకు ఊపిరి ఆగినట్టే ఉంటుంది. అమెరికా గూఢచారి సంస్థ సీఐఏకు లాంగ్లీలో ఉన్న ఆఫీసులో ఓ తెల్లటి గది. చప్పుడైనా, నేల మీద ఏదైనా పడినా, గదిలో వేడి పెరిగినా అలారం మోగుతుంది. టామ్ క్రూజ్ చేసిన గూఢచారి హీరో ఈతన్ హంట్ దొంగతనానికి పైకప్పులోంచి తాడుకు వేలాడుతూ దిగుతాడు. పైన తాడు పట్టుకున్నవాడి దగ్గరికి ఎలుక వస్తుంది, తాడు జారుతుంది, ఈతన్ నేలకు కాస్త పైన ఆగిపోతాడు. కళ్లద్దాల మీంచి జారిన చెమటబొట్టును అరచేత్తో పట్టేస్తాడు. తుపాకి పేలదు, కారు గాల్లోకి లేవదు. షూటింగ్‌లో తల నేలకు కొట్టుకుంటూ ఉంటే, బరువు సరిపోవడానికి టామ్ క్రూజ్ బూట్లలో నాణేలు వేసుకున్నాడు.

ఆ తర్వాత 2025 దాకా మరో 7 సినిమాలు వచ్చాయి. స్టంట్లు పెరుగుతూ పోయాయి కాబట్టే జనం వచ్చారని చాలామంది అంటారు. కొంత నిజమే. అయితే ఈ సిరీస్ ప్రాణం ఆ తాడు జారడంలో ఉందని నేను నమ్ముతాను. పథకం చక్కగా వేస్తారు, అది మధ్యలో బెడిసికొడుతుంది, చేతిలో ఉన్నదానితోనే గట్టెక్కాలి. మన ఇంట్లో పెళ్లి చేసినా, ఆఫీసులో ప్రాజెక్టు పూర్తిచేసినా జరిగేది అదే.

2011లో బ్రాడ్ బర్డ్ తీసిన ‘ఘోస్ట్ ప్రొటోకాల్’ దీన్ని అందరికన్నా బాగా పట్టుకుంది. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా బయటి గోడ మీద క్రూజ్ నిజంగానే వేలాడాడు. రక్షణగా కట్టిన తీగల్ని తర్వాత కంప్యూటర్‌లో చెరిపేశారు. ఎత్తు చూస్తే కళ్లు తిరుగుతాయి, నిజమే. కానీ టెన్షన్ పెంచేది వేరే ఉంది. అద్దానికి అతుక్కోవాల్సిన గ్లవ్స్‌లో ఒకటి పాడవుతుంది. తిరిగొచ్చేటప్పుడు తాడు పొడవు చాలదు. అదే సమయంలో లోపల మాస్కులు తయారుచేసే మెషిన్ మొరాయిస్తుంది. మారువేషం లేకుండానే శత్రువుల ఎదుట కూర్చోవాల్సి వస్తుంది. ఆ అరగంట యాక్షన్ సినిమాలు తీసేవాళ్లకు పాఠం లాంటిది.

మొదటి 5 సినిమాలకూ ఐదుగురు దర్శకులు. డి పాల్మాది అనుమానాల కథ. జాన్ వూ దాన్ని పావురాలు, స్లో మోషన్‌ల వైపు తీసుకెళ్లాడు, నాకు అంతగా నచ్చలేదు. జె.జె. అబ్రమ్స్ ఫిలిప్ సీమోర్ హాఫ్‌మన్‌ను విలన్‌గా పెట్టాడు. గొంతు పెంచకుండానే భయపెట్టిన అలాంటి విలన్ ఈ సిరీస్‌కు మళ్లీ దొరకలేదు. ఐదో సినిమాతో వచ్చిన క్రిస్టఫర్ మెక్వారీ చివరిదాకా ఉండిపోయాడు. ఆయన తీసిన ‘ఫాలౌట్’ గొప్ప సినిమా. 2017లో లండన్‌లో ఒక భవనం మీంచి మరోదాని మీదికి దూకుతూ క్రూజ్ చీలమండ విరగ్గొట్టుకున్న షాట్ అందులోనే ఉంది. కుంటుతూనే లేచి ముందుకు కదులుతాడు. ఒకే చెయ్యి వరసగా 4 సినిమాలు తీయడంతో పాత వైవిధ్యం మాత్రం పోయింది.

నాకు బాగా కష్టం కలిగించింది ఆడవాళ్ల పాత్రల విషయం. రెండో సినిమాలోని హీరోయిన్ నయా, మూడో సినిమాకల్లా ఒక్క మాటైనా లేకుండా మాయమైంది. 2015లో రెబెకా ఫెర్గూసన్ చేసిన ఇల్సా ఫౌస్ట్ వచ్చింది. ఈతన్‌కు ఏ మాత్రం తీసిపోని, తన లెక్కలు తనకున్న మనిషి. అలాంటి ఇల్సాను 2023 సినిమాలో వెనిస్ వంతెన మీద చంపేశారు. సరిగా ఏడవడానికి కూడా కథ ఆగలేదు. టీమ్‌లో ఆమె చోటు గ్రేస్‌కు వెళ్లిపోయింది. ఆ పాత్రను హేలీ అట్వెల్ బాగా చేసింది, తప్పు ఆమెది కాదు.

మన దేశం విషయానికొస్తే, ‘ఘోస్ట్ ప్రొటోకాల్’లోని ముంబై కథలో అనిల్ కపూర్ పాత్ర కాసేపు నవ్వించి పోతుంది. ‘ఫాలౌట్’ క్లైమాక్స్‌లో కశ్మీర్ అని చూపించినవి న్యూజిలాండ్, నార్వే కొండలు. అక్కడి మనుషులతో కథకు పని లేదు.

తెలుగులోనూ విడుదలైన చివరి సినిమా ‘ది ఫైనల్ రెకనింగ్’ నిడివి 2 గంటల 49 నిమిషాలు. మొదటి గంటలో చాలా భాగం పాత సినిమాల ముక్కలకు, వివరణలకే సరిపోయింది. కనిపించినవాళ్లల్లా ప్రపంచాన్ని కాపాడగలిగింది ఈతన్ ఒక్కడే అంటారు. దీన్నే మనం ఎలివేషన్ అంటాం. మన మాస్ సినిమా హీరోను మొదటి షాట్ నుంచే అలా నిలబెడుతుంది, ప్రేక్షకుడు దానికి సిద్ధపడే వస్తాడు. ఈతన్‌తో మన పరిచయం అలా మొదలవలేదు. అతను జారేవాడు, పొరబడేవాడు, ఫ్రెండ్స్ లేకపోతే పని జరగనివాడు. ఎదుట ఉన్నది ముఖం లేని ఏఐ కావడంతో దాని గురించి మాటల్లో చెప్పించడం తప్ప దర్శకుడికి మరో దారి లేకపోయింది. మూడో సినిమాలో ఏమిటో చెప్పకుండా వదిలేసిన ‘రాబిట్స్ ఫుట్’ అనే వస్తువును తెచ్చి ఈ ఏఐకి ముడిపెట్టారు. చెప్పకపోవడమే దాని అందమని వాళ్లకు తెలియదా?

అదే సినిమాలో సముద్రం అడుగున మునిగిపోయిన జలాంతర్గామిలోకి ఈతన్ ఒంటరిగా వెళ్తాడు. అది దొర్లుతుంటుంది, టార్పెడోలు మీద పడుతుంటాయి, మాటలు దాదాపు ఉండవు. నా చేతులు కుర్చీని గట్టిగా పట్టుకున్నాయి. లాంగ్లీ గదిలోని నిశ్శబ్దం మళ్లీ వినిపించింది.

ఇంకొకటి కూడా ఉంది. 1996లో ఆ తెల్లగదిలో పనిచేసిన ఉద్యోగి విలియం డన్లో. కాఫీలో ఏదో కలిపితే వాంతులతో బాత్‌రూమ్‌కు పరిగెత్తినవాడు. దొంగతనం బయటపడగానే అతన్ని అలాస్కాకు పంపేయమన్నారు, థియేటర్లో అందరం నవ్వాం. 29 ఏళ్ల తర్వాత అదే నటుడు రోల్ఫ్ శాక్సన్ తెల్లబడిన గడ్డంతో, భార్యతో కలిసి మంచు మధ్య కనిపిస్తాడు. ఈతన్ క్షమాపణ అడుగుతాడు. డన్లోకు కోపం లేదు. అక్కడికి రావడం వల్లే ఈ భార్య, ఈ జీవితం దొరికాయంటాడు. ఆ రోజు పైనుంచి పడి తన బల్ల మీద గుచ్చుకున్న కత్తిని ఇన్నేళ్లూ దాచి, ఈతన్ చేతికి తిరిగిస్తాడు.