‘తగినంత’ మీద తక్షణం విచారణ జరిపించాలి

తెలుగులో అత్యంత ప్రమాదకరమైన మాట ఏదని అడిగితే చాలామంది బూతులు గుర్తుచేసుకుంటారు. అవి పాపం ఎవరికీ హాని చెయ్యవు. అసలు మాట వేరే ఉంది. దాన్ని ప్రతి వంటింట్లో, ప్రతి వంటల పుస్తకంలో పట్టపగలే, పసిపిల్లల ఎదుటే వాడుతున్నారు. ‘ఉప్పు: తగినంత.’

ఇంట్లో నలుగురికి వండేటప్పుడు ఈ మాటతో పెద్ద ఇబ్బంది లేదు. గిన్నె అదే, గరిటె అదే, తినేవాళ్లూ అదే నలుగురు. కాస్త అటూ ఇటూ అయినా కిమ్మనకుండా తిని లేస్తారు. చిక్కంతా ఆదివారం మధ్యాహ్నానికి ఎనిమిదిమంది స్నేహితుల్ని భోజనానికి పిలిచినప్పుడు. నాలుగుని రెండుతో హెచ్చవేస్తే ఎనిమిది. ‘తగినంత’ని రెండుతో హెచ్చవేస్తే ఎంత? ఆర్యభటుడు పుట్టిన దేశంలో ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు.

అప్పుడు అమ్మకి ఫోన్ వెళ్తుంది.

“అమ్మా, పులిహోరలో ఉప్పెంత?”

“చూసి వేసుకో నాన్నా.”

“ఏం చూసి?”

“రుచి చూసి.”

“వెయ్యకముందు రుచి ఎలా చూస్తారమ్మా?”

“మరీ లాయరులా అడక్కు. ఎంత పడుతుందో అంత వెయ్యి.”

ఇదీ మన పాకశాస్త్రం తరం నుంచి తరానికి చేరుతున్న తీరు. ఈ దేశంలో తూనికలు కొలతల చట్టం 1956లో వచ్చింది. 1958 నుంచి కిలోలు, గ్రాములు అంగళ్లలోకి దిగాయి. వీశెలు, తులాలు సెలవు తీసుకున్నాయి. సోల, తవ్వ, మానిక అటకెక్కాయి. నిజానికి ఆ పాత కొలతలే నయం: నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అని లెక్క ఉండేది. ఇవాళ పెట్రోలు బంకులో కాస్త తక్కువ పోస్తే ఫిర్యాదు చెయ్యొచ్చు. చారెడు, గుప్పెడు, చిటికెడు, పిసరు మాత్రం ఏ ఇన్‌స్పెక్టరు ముద్రా లేకుండా వంటింట్లో యథేచ్ఛగా తిరుగుతున్నాయి.

‘నిమ్మకాయంత చింతపండు’ సంగతే తీసుకోండి. ఏ నిమ్మకాయ? ఎండాకాలంలో కాయ గోళీకాయంతై ధర కొండెక్కుతుంది. వానాకాలంలో అదే కాయ బత్తాయితో పోటీ పడుతుంది. అంటే మన పులిహోర పులుపుని నిమ్మ మార్కెట్‌కి ముడిపెట్టి కూర్చున్నామన్నమాట. రూపాయిని డాలరుకి ముడిపెడితే దేశమంతా చర్చిస్తుంది. దీని మీద ఒక్క సంపాదకీయం లేదు. ఇంకొందరు ‘పెద్ద ఉసిరికాయంత’ అంటారు. రాచ ఉసిరా, మామూలు ఉసిరా అన్నది వారసులే తేల్చుకోవాలి.

అన్నానికి నీళ్లు కొలిచే వేలి గీత ఇంకో మహా కుట్ర. బియ్యం మీద వేలు ఆనించి మొదటి గీత దాకా నీళ్లు పోస్తే చాలని పెద్దలు చెబుతారు. రోజూ వండే గిన్నెలో, రోజూ వండే కొలతకి అది సరిపోతుంది. చుట్టాలొచ్చినప్పుడు తీసే వెడల్పు గిన్నెలోకి బియ్యం మార్చగానే మోసం బయటపడుతుంది. అక్కడ అదే వేలి గీతకి నీళ్లు ఎన్నో ఎక్కువ పడతాయి, అన్నం సంకటి అవుతుంది. పొడుగాటి గిన్నెలో బియ్యం ఎక్కువ పోస్తే అదే గీతకి నీళ్లు చాలవు, పలుకు మిగులుతుంది. వేలు తప్పేమీ చెయ్యలేదు. దానికి లోతే తెలుసు, వెడల్పు తెలియదు.

కాబట్టి ప్రభుత్వం కమిటీ వేసి, కమిటీ గడువు రెండుసార్లు పొడిగించి, నివేదిక ఎక్కడో పోయేలోపు, ప్రజాప్రయోజనం దృష్ట్యా కొన్ని అంకెలు ఇక్కడే నమోదు చేస్తున్నాం. ఎనిమిదిమందికి మనిషికి వంద గ్రాముల బియ్యం లెక్కన ఎనిమిది వందలు. అందులో ఆరువందలు పులిహోరకి, రెండువందలు పెరుగన్నానికి. కప్పు అంటే రెండువందల గ్రాముల బియ్యం పట్టే కప్పు. వంట పూర్తయ్యేదాకా కప్పు మార్చడం నేరం.

పులిహోరకి పాత సోనామసూరి. కొత్త బియ్యం ముద్దకడుతుంది. కప్పుకి రెండు కప్పుల నీళ్లని ఇంట్లో అలవాటైతే, మూడు కప్పులకి ఆరు పోసేసి హెచ్చవేత వచ్చేసిందని మురిసిపోకండి. ఆవిరైపోయే నీళ్లు గిన్నెని బట్టి పోతాయి గానీ బియ్యాన్ని బట్టి కాదు. కుక్కర్లో మూడు కప్పులకి ఐదుంపావు చాలు. ఉడికిన అన్నాన్ని కుక్కర్లోనే వదిలేస్తే ఆవిరికి అడుగు మెత్తబడుతుంది. ఆవిరి పోగానే వెడల్పాటి పళ్లెంలోకి తిరగేసి, వేడి మీదే రెండు చెంచాల నువ్వులనూనె, టీ స్పూను పసుపు, రెండు రెబ్బల పచ్చి కరివేపాకు వేసి ఆరనివ్వాలి. నూనె మెతుకుకి పూతలా పట్టుకుంటుంది, విడివిడిగా ఉంటుంది. అన్నం పొగలు కక్కుతుండగానే పులుసు కలిపి గరిటెతో కుమ్మేవాళ్లున్నారు. వాళ్లు చేసేది పులిహోర కాదు, పసుపు రంగు ముద్ద.

చింతపండు తొంభై గ్రాములు, గింజా ఈనే తీశాక. ఇదే ఆ చారిత్రక నిమ్మకాయకి మేం ప్రతిపాదిస్తున్న ప్రత్యామ్నాయం. కొత్త చింతపండైతే రంగు బాగుంటుంది, నల్లబడ్డ పాతది పులిహోరని కూడా నలుపు చేస్తుంది. రెండు కప్పుల వేడినీళ్లలో అరగంట నానబెట్టి, చిక్కగా పిండి, మిగిలిన నూనెలో సగం పోసి, చీల్చిన ఎనిమిది పచ్చిమిరపకాయలతో సన్నసెగన ఉడికించాలి. నూనె మొత్తం లెక్క నూట ఇరవై మిల్లీలీటర్లు. విన్నవాళ్లు గుండె పట్టుకుంటారు. పట్టుకోనివ్వండి, తినేటప్పుడు వదిలేస్తారు. ఉప్పు ఈ పులుసులోనే వెయ్యాలి: ఒకటిన్నర టేబుల్ స్పూన్లు, దాదాపు ఇరవై ఐదు గ్రాములు. ఆ అంకె ఇదిగో, అచ్చులో ఉంది, ఆకాశం విరిగి మీద పడలేదు. అన్నం మీద పొడి ఉప్పు చల్లితే ఒక ముద్ద చప్పన, ఒక ముద్ద సముద్రం. పులుసు పావుగంటకే చిక్కబడినట్టు కనబడుతుంది. నమ్మకండి. పచ్చివాసన పోయి, నూనె అంచుల్లో పైకి తేలేదాకా, అంటే ఇరవై ఐదు నిమిషాల దాకా, ఉంచాలి. మధ్యలో దించేసిన పులుసే మర్నాటికి డబ్బాలో పుల్లవాసన కొట్టేది.

పోపులో వరస ఉంది. అన్నీ ఒకేసారి మూకుట్లో పోస్తే, పల్లీలు వేగేసరికి మినప్పప్పు బొగ్గవుతుంది. ముందు అరకప్పు పల్లీలు, అవి సగం వేగాక మూడు టేబుల్ స్పూన్ల శనగపప్పు, అది రంగు తిరుగుతుండగా రెండు స్పూన్ల మినప్పప్పు, ఆవాలు, ఎనిమిది ఎండుమిరపకాయలు, చివర్న అర టీ స్పూను ఇంగువ, కరివేపాకు. ఈ పోపుని పులుసులో కలిపి గంటసేపు నాననిచ్చేవారికి ఒక సూచన: పల్లీ కరకరలాడాలని ఉంటే పోపు వేరుగా ఉంచి, వడ్డనకి పావుగంట ముందు కలపండి. గోదావరి, కృష్ణా తీరాల వాళ్లు చివర్న ఆవపిండి కూడా పెడతారు. రెండు టీ స్పూన్ల ఆవాలు, ఒక ఎండుమిరపకాయ పొడిచేసి, కాసిని చన్నీళ్లతో తడిపి, పూర్తిగా చల్లారిన అన్నంలో కలపాలి. ఆవ ఘాటు నీళ్లు తగిలాకే పుడుతుంది, వేడి తగిలితే పోతుంది. బెల్లం ముక్క వెయ్యాలా వద్దా అన్న అంశం స్నేహాలు తెగిపోయేంత సున్నితమైనది కనుక ఈ వ్యాసం పరిధిలోకి రాదు.

కలిపిన వెంటనే రుచి చూస్తే ఉప్పు, పులుపు ఒక మెట్టు ఎక్కువనిపించాలి. రెండు గంటల్లో అన్నం లాగేసుకుని దారికొస్తుంది. కలిపినప్పుడే సరిగ్గా ఉంటే వడ్డించేసరికి చప్పబడుతుంది. ఇంకా ఎక్కువైతే? అందుకే పసుపు కలిపిన అన్నం రెండు గుప్పెళ్లు పక్కన దాచాలి. (‘గుప్పెళ్లు’ అన్నందుకు మన్నించాలి. వ్యసనం ఒక్కరోజులో పోదు.)

పెరుగన్నం దగ్గర మాటలు తక్కువ. కప్పు బియ్యానికి మూడు కప్పుల నీళ్లు పోసి మెత్తగా వండి, వేడి మీదే మెదిపి, గోరువెచ్చబడ్డాక కాచి చల్లార్చిన పాలు రెండు కప్పులు, పెరుగు అరకప్పు, ఉప్పు రెండు టీ స్పూన్లు కలపాలి. పెరుగే ఎక్కువ పోస్తే మధ్యాహ్నం తోడుకునేదాకా ఆగదు, పదకొండింటికే పులుస్తుంది. వేడన్నంలో పోస్తే విరిగి నీళ్లు కక్కుతుంది.

ఇక తీపి. సత్యనారాయణ వ్రతం ప్రసాదానికి కొలత ఉంది: రవ్వ, పంచదార, నెయ్యి, అన్నీ ఒకటింపావు వంతున. దేవుడికి లెక్క చెప్పి, మనుషులకి ‘తగినంత’ చెప్పిన సమాజం మనది. అందులోనే స్నేహితులకి చేసే రవ్వకేసరి ఎందుకు విఫలమవుతోందో సమాధానం ఉంది. ఎనిమిదిమందికి ఒక కప్పు బొంబాయి రవ్వ, మూడు కప్పుల నీళ్లు, ఒకటింపావు కప్పు పంచదార, ముప్పావు కప్పు నెయ్యి, ఇరవై జీడిపప్పు బద్దలు, నాలుగు ఏలకులు. కుంకుమపువ్వు ఎనిమిది రేకలు, మనిషికొకటి చొప్పున, గొడవలు రాకుండా.

రెండు చెంచాల నేతిలో జీడిపప్పు వేయించి తీసి, అందులోనే రవ్వని సన్నసెగన ఆరేడు నిమిషాలు వేయించాలి. కమ్మటి వాసన రావాలి, రంగు మారకూడదు. పక్క పొయ్యి మీద నీళ్లు తెర్లుతుండాలి. ‘మరిగినట్టే ఉన్నాయిలే’ అని రవ్వ పోసేసిన నీళ్లలోనే ఉండలు పుడతాయి. పైపొర జిగురుకట్టి, లోపల పొడిరవ్వ బందీ అవుతుంది. ఒక చేత్తో రవ్వ సన్నగా వానలా పోస్తూ, రెండో చేత్తో తిప్పుతూ ఉండాలి. మూడో చెయ్యి ఫోన్ పట్టుకుని వీడియో తీసేందుకు లేదు. మూతపెట్టి మూడు నిమిషాలు. రవ్వ పూర్తిగా ఉబ్బాకే పంచదార. ముందే వేస్తే పంచదార నీళ్లని తనవైపు లాక్కుంటుంది, రవ్వ పలుకుగా ఉండిపోతుంది, ఆ తర్వాత అరగంట ఉడికించినా లాభం లేదు. పంచదార పడగానే కేసరి మళ్లీ జారుగా అవుతుంది. ఇక్కడ బెంబేలెత్తి ఇంకో చారెడు రవ్వ పోసేవాళ్లు దేశంలో కోకొల్లలు. పొయ్యండి, కానీ వడ్డించడానికి తాపీమేస్త్రీని కూడా భోజనానికి పిలవండి. మిగిలిన నెయ్యి మూడుసార్లుగా పోస్తూ, మూకుడు అంచు వదులుతుండగానే, ఇంకాస్త గట్టిపడాలేమో అన్న సందేహం ఉండగానే దించాలి. చల్లారితే ఆ మిగతా గట్టిదనం దానంతటదే వస్తుంది.

ఇంత చేశాక ఆ ఎనిమిదిమందీ వస్తారు. పిలిచినప్పుడు వీళ్లన్న మాట ఒకటి రికార్డులో ఉంది: “ఏం హడావిడి పెట్టుకోకురా, సింపుల్‌గా ఓ పులిహోర, ఓ స్వీటు చాలు.” ఆ సింపుల్ వెనక ఉన్నది పొద్దున్న ఏడింటికి నానబెట్టిన చింతపండు, తొమ్మిదింటికి ఆరబెట్టిన అన్నం, పదకొండింటికి తెర్లిన నీళ్లు అని వాళ్లకి తెలియదు. తెలియాల్సిన పనీ లేదు. వాళ్లకి తెలిసిందల్లా మూడో విడత వడ్డించుకుంటూ “రెసిపీ చెప్పరా” అని అడగడం. ఆ క్షణంలో, చేతిలో గ్రాముల లెక్కలన్నీ ఉన్న మనిషి కూడా, ఏదో పూనినట్టు తల ఊపుతూ “ఏముందిరా, అన్నీ తగినంత వేసుకోవడమే” అంటాడు. కమిటీ ప్రత్యేకంగా పరిశీలించాల్సిన అంశం ఇది.

మిగిలింది డబ్బాల్లో పెట్టి ఇవ్వడం ఆచారం. ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వకూడదని ఇంకో ఆచారం. అందులో పెట్టి ఇవ్వడానికి తగిన వంటకం కుదరక, డబ్బా ఏళ్ల తరబడి అవతలివాళ్ల అలమరలోనే కాపురం పెడుతుంది. కనుక స్టీలు డబ్బా తియ్యకండి, ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బాలు దాచి ఉంచండి. పులిహోర పూర్తిగా చల్లారాకే మూతపెట్టండి. లేకపోతే ఆవిరి మూతకి పట్టి కిందికి కారుతుంది, వాళ్ల ఇల్లు చేరేసరికి పల్లీలు మెత్తబడతాయి.